గురువు దాచుకున్న మెలిక

పోయినవారం మనం ఫ్యూ సిన్ వేళ్లను తీగల మీద, ఒన్ ఖిన్ చేతిని గాలిలో వదిలేసి వచ్చాం.

మాండలే వాద్యకారుల సంఘం హాలు. వానాకాలం చివరి రోజులు, పొద్దున పది గంటల వేళ. హార్ప్ విద్యలో ఆఖరి పరీక్ష జరుగుతోంది. పాడుతున్నది డో తిన్ పోన్, డెబ్బై నాలుగేళ్ల ముసలమ్మ. అక్కడ పెద్దవాళ్ల పేర్ల ముందు, ఆడవాళ్లయితే డో, మగవాళ్లయితే ఊ చేర్చి పిలుస్తారు. ఒక చేతిలో చిరుతాళాలు, ఇంకో చేతిలో చిడత. హార్ప్‌ను ఒళ్లో పెట్టుకుని వాయిస్తున్నది పంతొమ్మిదేళ్ల ఫ్యూ సిన్. ఆ పిల్లకు ఎనిమిదేళ్లుగా విద్య నేర్పి, ఇప్పుడు వెనక వరసలో చాప మీద కూర్చుని ఊపిరి బిగబట్టినది సాన్ మ్యా. రేవుపాటలో రెండో చరణానికీ మూడో చరణానికీ నడుమ గొంతు ఆగిపోతుంది, హార్ప్ ఒక్కటే పలుకుతుంది. ప్రయాణమంతా అయిపోయి రాజుగారి పడవ ఒడ్డుకు ఆనే చోటది. సరిగ్గా అక్కడ, పరీక్షకుల బల్ల వెనక నుంచి ఒన్ ఖిన్ చెయ్యెత్తాడు.

"ఆపమ్మా. అది తప్పు," అన్నాడు.

ఈ వారం ఆ చెయ్యి కిందికి దిగింది. దిగి, బల్ల మీది టీ కప్పును పక్కకు జరిపింది. ఒన్ ఖిన్‌కు తొందర లేదు. ఆయన ఊ ఫో థైక్ కొడుకు. ఊ ఫో థైక్ అంటే ఆ ఊళ్లో హార్ప్‌కు మారుపేరు. పోయి ఆరేళ్లయినా ఆయన పేరు ఎత్తేటప్పుడు ముసలివాళ్లు ఇప్పటికీ ఒళ్లు సర్దుకుని కూర్చుంటారు. సాన్ మ్యా ఆయన శిష్యురాలే. పద్నాలుగో ఏట ఆ ఇంటికి చేరింది. ఎనిమిదేళ్లు ఆ వంటింట్లో వడ్లు దంచింది, ఆ చావిట్లో హార్ప్ నేర్చుకుంది. ఆమె చేరేనాటికి ఒన్ ఖిన్ ఎనిమిదేళ్లవాడు, ఆమె చెయ్యి పట్టుకుని వీధులన్నీ తిరిగినవాడు. ఆ తర్వాత ఆమె రంగూన్ రేడియోలో పదహారేళ్లు, తిరిగొచ్చి ఈ ఊళ్లో పాఠాలు చెబుతూ పద్దెనిమిదేళ్లు. యాభై ఆరేళ్ల మనిషికి చెప్పుకోవడానికి ఉన్నది అంతే. చెప్పుకోవడానికి అది చాలుననే ఆమె ఇంతవరకూ అనుకుంటూ వచ్చింది.

"పిల్ల చేతిలో తప్పు లేదు," అన్నాడు ఒన్ ఖిన్. "చెయ్యి శుభ్రంగా ఉంది. ఆ చేతిలో పెట్టిన వస్తువే తప్పు."

"అర్థమయ్యేలా చెప్పండి," అన్నాడు సంఘం అధ్యక్షుడు ఊ బో ఖా. మంచివాడే. కాకపోతే రూల్స్ పుస్తకానికి భయపడినంతగా పెళ్లానికి కూడా భయపడడని పేరు.

"చెబుతాను. డో సాన్ మ్యా గారు కూడా వింటున్నారుగా. మా నాన్న మంచాన పడ్డ ఆఖరి నెలలో నాతో ఒక మాట అన్నారు. రేవుపాటలో ఒడ్డుకు ఆనే మెలిక సాన్ మ్యాకు అసలుది ఇవ్వలేదురా, మార్చి ఇచ్చాను, అది నా వాటా, అన్నారు."

గురువు వాటా అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరచనక్కర్లేదు. కర్రసాము నేర్పేవాడైనా, పసరువైద్యం నేర్పేవాడైనా శిష్యుడికి అన్నీ ఇచ్చి ఒక్కటి దాచుకుంటాడు. పిల్లి పులికి అన్ని విద్యలూ నేర్పి చెట్టెక్కడం దాచుకుంది కాబట్టే ఈనాటికీ బతికుందని అక్కడి తల్లులు పిల్లలకు చెబుతారు. కొందరు గురువులు దాచుకోవడంతో ఊరుకోరు. దాచిన చోట ఖాళీ కనపడకుండా వేరే ముక్క అతుకుతారు. ఆ అతుకు ఏ ఊళ్లో వినిపించినా, ఇది నా చేతి కింద పెరిగిన మనిషే అని పోల్చుకోవచ్చు. అవసరమైతే పదిమందిలో తల వంచించనూ వచ్చు.

సాన్ మ్యా తన జ్ఞాపకాల్లో వెతుక్కుంటోంది.

ఎనిమిదేళ్లలో గురువు ఆమె చేతిని ఎన్ని వేలసార్లు సరిదిద్దాడో లెక్క లేదు. ఎడమ బొటనవేలి గోరు తీగకు ఎక్కడ ఆనాలి, ఎంత నొక్కితే స్వరం పైకి లేస్తుంది, ఎంత నొక్కితే మూలుగుతుంది, అన్నిటికీ వెదురుపుల్లతో వేళ్ల మీద కొట్టేవాడు. ఆ ఒక్క మెలికను మాత్రం ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆమె వాయించింది. ఆయన తల పక్కకు తిప్పుకుని, సరే, అన్నాడు. ఆ తర్వాత అక్కడ ఏనాడూ పుల్ల పడలేదు. తనకు అది అంత బాగా వచ్చిందనుకుంది పద్నాలుగేళ్ల పిల్ల. మెచ్చుకోవడం చేతకాని మనిషి నుంచి దొరికిన ఒకే ఒక్క మెప్పు అనుకుని, నలభై ఏళ్లకు పైగా దాన్ని భద్రంగా పెట్టుకుంది.

ఇప్పుడు తీసి చూసుకుంటే అది మెప్పు కాదు.

ఇంతలో హాలు కాపలాదారు, చెవిటి ముసలాయన, ఏం జరుగుతోందో తెలియకపోయినా ఆమె మొహం చూసి ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. పెట్టినవాడు వెళ్లిపోకుండా, కిటికీ లోంచి ఆమె కళ్లలో పడుతున్న ఎండకు అడ్డంగా రెక్క ఒకటి మూశాడు. ఆమె నీళ్లు తాగింది. తాగి, లేచి, వెనక వరస వదిలి ముందుకు వచ్చింది. పరీక్షకు కూర్చునే వాళ్ల చాప మీద, ఫ్యూ సిన్ పక్కన, మోకాళ్లు మడిచి కూర్చుంది.

"నిజమే అయ్యుంటుంది," అంది.

ఒన్ ఖిన్ ఎన్నో వాదనలకు సిద్ధపడి వచ్చాడు. ఈ మాటకు మాత్రం సిద్ధపడలేదు.

"ఒప్పుకుంటున్నారా?"

"మీ నాన్నగారి పద్ధతి నాకు తెలియదా? ఇచ్చింది మార్చిన మెలికే అయ్యుంటుంది. దాన్నే రేడియోలో వాయించాను. ఇక్కడికొచ్చాక ఇరవై ఆరుగురికి నేర్పాను, ఈ పిల్లతో ఇరవై ఏడుగురు. వాళ్లలో ఒక్కరి దగ్గర ఒక్క మెలిక దాచుకోలేదు. వాటా అనేదే నాకు వద్దనుకున్నాను. శిష్యుల దగ్గర ఏదీ దాచని బుద్ధభగవానుడికి లేని మూసిన పిడికిలి నాకెందుకు?"

"అంటే, తప్పును పిసరంత కూడా దాచుకోకుండా పంచిపెట్టారన్నమాట."

వెనక ఎవరో ఫక్కున నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నారు.

"అవును తమ్ముడూ. మీ నాన్న ఒప్పును దాచారు, నేను తప్పును పంచాను. ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లలో, చెవులు కుట్టే వేడుకల్లో జనం విన్నది ఆ తప్పునే. పడవ ఒడ్డుకు ఒక బార దూరంలో ఆగినట్టు ఉంటుందమ్మా, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, అని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు కూడా తప్పే అంటావా?"

"కన్నీళ్లకు పరీక్ష లేదు. వరసకు ఉంది," అన్నాడు ఒన్ ఖిన్, అధ్యక్షుడి వైపు తిరిగి. "రూలు మీరే చదవండి."

ఊ బో ఖా రూల్స్ పుస్తకం తెరిచాడు. ఈ ఏడే పెట్టిన రూలు. గురువు వరస తప్పని తేలితే ఆ గురువు పేరు సంఘం గురువుల పట్టిక నుంచి కొట్టెయ్యాలి. పరీక్ష నెగ్గిన శిష్యులకు ఆ పేరు మీద ఇచ్చిన పత్రాలన్నీ చెల్లకుండా పోతాయి. ఆయన మెల్లగా చదివాడు, ఒక్కొక్క మాటా ఎవరికీ తగలకూడదన్నట్టు. సాన్ మ్యాకు తన పేరు కంటే ముందు ఆ పత్రాల మనుషులే గుర్తొచ్చారు. మెయ్‌మ్యోలో పాఠాలు చెప్పుకుని ఇద్దరు తమ్ముళ్లను చదివిస్తున్న పిల్ల. మొగుడు వదిలేస్తే హార్ప్ ఒళ్లో పెట్టుకుని నిలదొక్కుకున్న ఇంకొకతె. ఇదిగో ఈ ఫ్యూ సిన్. వచ్చే సోమవారం సగాయింగ్ బాలికల బడిలో చేరాలి, పత్రం చేతిలో ఉంటేనే. ఇవాళ కూడా తెల్లారగట్లే వాళ్లమ్మ నూరిన తేయాకు పచ్చడి, వేయించిన వెల్లుల్లి ఆకులో పొట్లం కట్టి, పరీక్షయ్యాక అందరికీ పెట్టమని పంపింది. ఆ పొట్లం హార్ప్ గుడ్డ పక్కనే ఉంది.

"ఇంకో దారి కూడా ఉంది," అన్నాడు ఒన్ ఖిన్. అసలు సంగతికి ఇప్పుడు వచ్చాడు. "నేను కఠినుణ్ణి కాదు. అరటిపళ్లు, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని మా గుమ్మానికి వచ్చి నమస్కారం పెట్టమనండి. అసలు మెలిక నేనిస్తాను. అప్పుడు ఆమె పేరూ ఉంటుంది, పత్రాలూ ఉంటాయి. మా ఇంటి వరస కింద."

ఊ బో ఖాకు ఎంతో హాయి అనిపించింది. "మంచి మాట. డో సాన్ మ్యా, ఆలోచించండి. ఒక్క పళ్లెంతో పోతుంది."

"ఆలోచించాను," అంది సాన్ మ్యా. "ఒరే ఒన్ ఖిన్, నీకు ముక్కు తుడుచుకోవడం నేర్పింది నేను. ఆ విద్యకు నువ్వు నాకు పళ్లెం తెచ్చావా?"

ఈసారి నవ్వును ఎవరూ దగ్గుతో కప్పుకోలేదు. పరీక్షకుల్లో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

ఒన్ ఖిన్ చెవులు ఎర్రబడ్డాయి. "వెటకారంతో వరస నిలబడదు."

"నిలబడదు. అందుకే అడుగుతున్నా. వాయించు. అసలుదేదో ఇక్కడే, వీళ్లందరి ముందూ వాయించు. సరుకు చూడకుండా బేరమేమిటి?"

"అది ఇంటి సొత్తు. సంతలో విప్పేది కాదు."

"మరైతే నేను దేన్ని పట్టుకుని తీర్పు చెప్పాలండీ?" అన్నాడు ఊ బో ఖా ఉన్నట్టుండి. అనేశాక తన ధైర్యానికి తనే కొంచెం బెదిరినట్టు పుస్తకం మూశాడు. "వినందే ఇది తప్పు, అది ఒప్పు అని ఎలా రాయను?"

ఇక తప్పలేదు. ఒన్ ఖిన్ బల్ల దాటి వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఫ్యూ సిన్ రెండు చేతులతో హార్ప్ అందించింది. పడవలాంటి నల్లటి దేహం, దాని మీంచి విల్లులా పైకి లేచిన చండ్రవేరు మెడ, ఆ మెడకు పదహారు ఎర్రటి నూలుతాళ్లు. ఆయన ఒక తాడు పట్టి పైకి తిప్పాడు, విన్నాడు, ఇంకొంచెం తిప్పాడు. శ్రుతి బాగానే ఉందని అందరికీ తెలుసు. ఆయనకు కాస్త వ్యవధి కావాలి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

డో తిన్ పోన్ రెండో చరణం చివరి పాదం ఎత్తుకుంది. వయసుతో గొంతు సన్నబడింది కానీ వంకర పోలేదు. పాదం ముగిసింది, గొంతు ఆగింది, హార్ప్ ఒక్కటే మిగిలింది.

బాగుంది. సాన్ మ్యా దాన్ని కాదనలేకపోయింది. బొటనవేలు తీగను లోపలి నుంచి నొక్కుతూ జారుతోంది, స్వరం మెట్టుమెట్టుగా దిగుతోంది. తన మెలికలో లేని నెమ్మది ఇందులో ఉంది. ఇంత చక్కటి దాన్ని నా దగ్గర దాచారా, అని గుండె ఒక్కసారి కలుక్కుమంది. పడవ ఒడ్డుకు ఆనింది.

చిడత మాత్రం పడలేదు.

ఒన్ ఖిన్ తలెత్తి చూశాడు. డో తిన్ పోన్ చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే ఉంది. అక్కడ తాళం నడిపేది పాడే మనిషే. ఆ మనిషి చిడత వెయ్యకపోతే వాయించేవాడు నడివీధిలో నిలబడిపోయినట్టే.

"అత్తా, కానివ్వండి," అన్నాడు.

"ఎక్కడ కానివ్వను నాయనా? నా దెబ్బ పడే చోట నీ స్వరం లేదు. నువ్వు ముందే దిగిపోయావు." ముసలమ్మ గొంతులో కోపం లేదు. "మీ నాన్నతో నలభై ఏళ్లు పాడాను. ఆ మెలిక ఏం పలికేదో నన్ను వాయించి చూపమంటే చూపలేను, నా చేతులకు ఆ విద్య లేదు. అది వచ్చి ఎక్కడ వాలేదో మాత్రం నిద్రలో అడిగినా చెబుతాను. సాన్ మ్యాది వాలదు, ఒక బార అవతలే ఆగుతుంది. నీది ఒక బార ముందే వాలింది. ఇదీ అసలుది కాదు, ఒన్ ఖిన్."

బయట ఎక్కడో గుర్రబ్బండి గంట వినిపించి దూరమైపోయింది.

సాన్ మ్యా ఒన్ ఖిన్ మొహం చూసింది. ఈ క్షణం కోసమే ఆమె పళ్లు బిగించి కూర్చుంది. తీరా వచ్చాక అందులో రుచి లేదు. కన్నకొడుక్కి కూడా వాటా మినహాయించుకునే ఇచ్చాడు ఆ తండ్రి, అదీ మరణశయ్య మీద. యాభై ఏళ్ల మనిషి ఒళ్లో హార్ప్ పెట్టుకుని, ఎనిమిదేళ్లవాడిలా కింది పెదవి కొరుకుతున్నాడు. ఆమె చెయ్యి చాచి హార్ప్‌ను మెల్లగా తన వైపు తీసుకుంది. అలా తీసుకోవడంలో ఆయన మొహం పదిమందికీ కనపడకుండా అడ్డం కూర్చుంది.

"ఇప్పుడు ఏం రాయమంటారు?" అన్నాడు ఊ బో ఖా దిక్కుతోచక. "రూలు ప్రకారమైతే రెండు వరసలూ..."

"మీరు ఏమైనా రాసుకోండి," అంది సాన్ మ్యా. "ముందు పరీక్ష పూర్తి కానివ్వండి. పిల్లను పాట మధ్యలో ఆపారు. ఫ్యూ సిన్, మూడో చరణం దాకా వాయించు. మన మెలికే వాయించు. పట్టికలో నా పేరు ఉన్నా పోయినా, ఇవాళ్టి దాకా మనం వాయించింది ఇది అని వీళ్లందరి ముందూ నిటారుగా కూర్చుని వాయించు. సిగ్గుపడేదేమీ లేదు."

ఫ్యూ సిన్ హార్ప్ ఒళ్లోకి తీసుకుంది. ముసలమ్మ పాదం ఎత్తుకుంది, ముగించింది. పిల్ల బొటనవేలు తీగను నొక్కింది.

మొదటి రెండు స్వరాలు సాన్ మ్యా నేర్పినవే. మూడోది కాదు. అక్కడి నుంచి అది ఎటో వెళ్లింది. ఒడ్డుకు దగ్గరగా వచ్చింది, అలకు ఒకసారి వెనక్కి పోయింది, మళ్లీ వచ్చి, ఇంకేమీ అక్కర్లేదన్నంత తేలిగ్గా ఆనింది.

టక్.

చిడత పడింది. పడిన చిడతను చేతిలో అలాగే నొక్కిపట్టుకుని డో తిన్ పోన్ కళ్లు మూసుకుంది. మూడో చరణం ఎత్తుకోలేదు.

"ఎక్కడిదే ఇది?" అంది సాన్ మ్యా. ఆ ప్రశ్నలో ఆశ్చర్యం కంటే నొప్పి ఎక్కువుంది. ఎనిమిదేళ్లు ఏదీ దాచకుండా ఇచ్చిన పిల్ల తన దగ్గర ఏదో దాచుకుంది. "ఎవరు నేర్పారు?"

"మీరే, సయామా," అంది ఫ్యూ సిన్. గురువమ్మ అనే అర్థంలో సాన్ మ్యా శిష్యులంతా ఆమెను అలాగే పిలుస్తారు.

"నేను నేర్పలేదు."

"నేర్పలేదు. పొద్దున్నే తీగలకు తాళ్లు బిగించేటప్పుడు మీరు కూనిరాగం తీస్తారు. చేతులు తాళ్ల మీద ఉన్నంతసేపూ అందులో ఈ మెలిక ఇలాగే వస్తుంది. వాయించడానికి కూర్చున్నాక ఇంకోలా వాయిస్తారు. ఎందుకో అడగాలని చాలాసార్లు అనుకున్నా. పెద్దవాళ్లని అలా అడగొచ్చో లేదో అని ఊరుకున్నా." పిల్ల తల వంచుకుంది. "ఇప్పుడు పెద్దమ్మగారు ఒకటి వాలదు, ఒకటి ముందే వాలింది అంటుంటే, మరి అది ఇదేనేమో అనిపించింది. మీరు మన మెలిక వాయించమన్నారు. ఇదీ మీదేగా అని వాయించేశా."

కూనిరాగం తీస్తానని సాన్ మ్యాకే తెలియదు. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలిసింది, తెలిసింది తెలిసినట్టే పైకి చెప్పేసింది. సాయంత్రం పూట ఆమె వంటింట్లో కూరకు చేపలు బాగుచేస్తూ ఉండేది. తడిక గోడకు అవతల, చావిట్లో, గురువు డో తిన్ పోన్‌తో కలిసి రేవుపాట వాయించుకునేవాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పాట ఏనాడూ పూర్తిగా వాయించి వినిపించలేదు. చేతులకు ఆయన ఒకటి ఇచ్చాడు. చెవులు ఇంకొకటి తీసుకున్నాయి. నలభై ఏళ్లు ఆ రెండూ ఒకే మనిషిలో ఒకదానికొకటి ఎదురుపడకుండా కాపురం చేశాయి. దాచుకోనన్నది ఆమె పెట్టుకున్న నియమం. తన దగ్గర ఉందని తనకే తెలియని దాన్ని కూడా ఆ నియమం దాచనివ్వలేదు.

"దొంగిలించింది," అన్నాడు ఒన్ ఖిన్. అప్పటికి మనిషి తేరుకున్నాడు. "తడిక చాటున విని ఎత్తుకుపోయింది. పళ్లెం పెట్టకుండా, గురువు నోటితో ఇవ్వకుండా తీసుకున్న విద్య దొంగసొమ్ము. దొంగసొమ్ముకు పత్రం లేదు. రూల్స్ పుస్తకంలో అదీ ఉంది. చూసుకోండి."

ఉంది. ఊ బో ఖా పేజీ తిప్పకుండానే తల ఊపాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని సాన్ మ్యా చాలాకాలం గుర్తుపెట్టుకుంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, పుస్తకం వైపు చూడటం మానేసి ఆమె వైపు చూశాడు.

"డో సాన్ మ్యా, బాగా జ్ఞాపకం చేసుకోండి. ఎనిమిదేళ్లు ఉన్నారు ఆ ఇంట్లో. ఎప్పుడో ఒకసారి, మాటవరసకైనా, విను అని ఆయన అని ఉంటారు. ఒక్కసారి అన్నా చాలు. ఇచ్చినట్టే లెక్క. అలా రాసేస్తాను."

ఔననమని ఆయన కళ్లు బతిమాలుతున్నాయి. కాదని చెప్పగలిగిన మనిషి బూడిదై ఆరేళ్లు. ఒక్క మాట. మెయ్‌మ్యో పిల్ల, మొగుడు వదిలేసిన పిల్ల, సోమవారం నాటి బడి, తన పేరు, అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడతాయి. ఫ్యూ సిన్ వేలు ఆమె మోకాలిని తాకీ తాకనట్టు తాకింది.

"అనలేదు," అంది సాన్ మ్యా. "ఎప్పుడూ అనలేదు. లేని మాట ఆయన నోట్లో పెట్టి నా పేరు నిలబెట్టుకోను. ఆయన ఇవ్వలేదు, నేను విన్నాను. చేపలు బాగుచేసుకుంటూ, పొయ్యి ఊదుకుంటూ విన్నాను. అది దొంగతనమైతే దొంగ అనే రాసుకోండి. కానీ ఇంకోటి కూడా రాసుకోండి. రేపటి నుంచి మా ఇంటి వీధి తలుపు తీసే ఉంటుంది. ఆ తప్పు మెలికా నేర్పుతాను, ఈ దొంగ మెలికా నేర్పుతాను. పళ్లెం తెచ్చినవాళ్లకీ, తేనివాళ్లకీ, దారిన పోతూ ఆగి వినేవాళ్లకీ కూడా. మీ పత్రం లేకపోతే నా పిల్లలు పత్రం లేకుండానే వాయిస్తారు. ఎవరొచ్చి ఏ వేళ్లు పట్టుకుని ఆపుతారో నేనూ చూస్తాను."

ఎవరూ నవ్వలేదు. పరీక్షకుల్లో కళ్లజోడు తుడుచుకున్న పెద్దమనిషి, పట్టికలో ఆమె పేరున్న పేజీ ఆమెకు కనపడకుండా తన మోచేతిని దాని మీద ఆనించాడు. ఊ బో ఖా నిట్టూర్చి ఎర్ర పెన్సిలు తీశాడు. ఆ మోచేతిని మెల్లగా జరపవలసి వచ్చింది.

"ఆగు బో ఖా," అంది డో తిన్ పోన్.

పెద్దల సభలో అధ్యక్షుణ్ణి పేరు పెట్టి ఏకవచనంలో పిలిచే హక్కు ఆ హాలులో ఆమె ఒక్కదానికే ఉంది. తాళాలనూ చిడతనూ చాప మీద పెట్టింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాక ఎప్పుడూ లేనంత ముసలిదానిలా కనిపించింది.

"మీరంతా తడిక గోడ, తడిక గోడ అంటున్నారు. ఆ గోడకు ఒక కిటికీ ఉండేది. తడిక కిటికీ, పైకెత్తి కర్ర ఆనించేది. మామూలుగా మూసే ఉండేది, వంటింటి పొగ చావిట్లోకి రాకుండా. రేవుపాట వాయించడానికి కూర్చున్న ప్రతి సాయంత్రం ఆయన హార్ప్ ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసేవాడు. నేను లేచి వెళ్లి ఆ కిటికీ ఎత్తి కర్ర పెట్టి వచ్చేదాన్ని. పెట్టాకే మొదటి తీగ ముట్టేవాడు. పొగకు కళ్లు మండేవి, దగ్గొచ్చేది, అయినా ఎనిమిదేళ్లలో ఒక్కరోజు మూయనివ్వలేదు. సాన్ మ్యా రంగూన్ వెళ్లిపోయిన మర్నాడు ఆ కర్ర తీసి పొయ్యిలో పెట్టించాడు."

సాన్ మ్యా చేతులు ఒళ్లో ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. ఎర్ర పెన్సిలు ఊ బో ఖా వేళ్ల మధ్య నిలిచిపోయింది.

"మరి అంత ఇవ్వాలనుకున్న మనిషి ఎదురుగా ఎందుకు ఇవ్వలేదు?" అన్నాడాయన. "ఎవరికి భయపడి?"

డో తిన్ పోన్ ఒన్ ఖిన్ వైపు తిరిగింది.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఒన్ ఖిన్ ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఎవరూ గమనించలేదు. పొద్దుటి నుంచి ఆయన గొంతులో ఉన్న వెటకారం ఇప్పుడు లేదు.

"అత్తా," అన్నాడు, "మీ కాళ్లు పట్టుకుంటాను. అక్క ముందు ఆ సంగతి మాత్రం వద్దు."